కింద డిపిల్లరింగ్, పైన పత్తి చేను: నేల కుంగుబాటును కొలవడం, అదుపు చేయడం ఎలా?

సర్వే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఎన్ని రోజులకోసారి లెవెల్ తీయాలి?" లెవెల్ తీయడమంటే నేల ఎత్తు కొలవడం. ఆ ప్రశ్నకు జవాబు కింద ఆరో మెట్టులో ఉంది. నేను మాత్రం తిరిగి ఇంకోటి అడుగుతాను: "మొదటి లెవెల్ ఎప్పుడు తీశారు?" డిపిల్లరింగ్ (కప్పును మోసే బొగ్గు పిల్లర్లను కూడా తీసేయడం) మొదలై, ఎవరి చేనులోనో నెర్ర పడ్డాక లెవెల్ మిషన్ పట్టుకుని పరిగెత్తితే, నేల అంతకుముందు ఎంత ఎత్తున ఉందో చెప్పేవాళ్లు ఉండరు. రైతు ఒక మాట అంటాడు, మేనేజర్ ఇంకో మాట అంటాడు. మధ్యలో మీ ఫీల్డ్‌బుక్ ఖాళీగా ఉంటుంది.

ఈ పద్ధతంతా మన గోదావరి లోయ గనులను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. కొత్తగూడెం, ఇల్లందు, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని, భూపాలపల్లి, ఎక్కడైనా సరే, ఇసుకరాయి కప్పు కింద వాలుగా పడుకున్న సీమ్‌లు (బొగ్గు పొరలు), పైన చేలు, చెరువులు, రోడ్లు, ఇళ్లు. గనిలో సర్వేయర్‌గానో అండర్ మేనేజర్‌గానో కొత్తగా చేరినవాళ్లకు ఇది పనికొస్తుంది. బొగ్గుబాయి మీద ఊళ్లో ఉండేవాళ్లు చదివినా మంచిదే. ఏం అడగాలో తెలుస్తుంది.

మొదటి మెట్టు: ప్యానెల్ గీత దాటి ఎంత దూరం కదులుతుందో గీయండి

ప్లాన్ మీద ప్యానెల్ (ఒకేసారి తవ్వడానికి విడగొట్టిన గని భాగం) గీత ఎక్కడ ఆగితే కుంగుబాటూ అక్కడే ఆగుతుందనుకోవడం అందరూ చేసే పొరపాటు. కింద తవ్విన అంచు నుంచి పైకి, బయటివైపు వాలుతూ ఒక గీత గీస్తే, అది నేలను తాకే చోటిదాకా కదలిక ఉంటుంది. నిలువు గీతకూ దీనికీ మధ్య కోణాన్ని యాంగిల్ ఆఫ్ డ్రా అంటారు. బ్రిటన్ గనుల్లో 35 డిగ్రీలు తీసుకోవడం రివాజు. మన దగ్గర ఇసుకరాయి గట్టిదనాన్ని బట్టి తగ్గొచ్చు. అయినా మీ గనిలో పాత ప్యానెల్ కొలతలు లేనంతవరకు 35 మీదే ఉండండి. 150 మీటర్ల లోతు అయితే అంచు నుంచి సుమారు 105 మీటర్లు బయటికి వస్తుంది.

సీమ్ వాలుగా ఉంటే కుంగిన గుంట నడిమధ్యన ఉండదు, డిప్ (సీమ్ దిగే) వైపు జరుగుతుంది. అందుకే డిప్ వైపు గీతను ఇంకాస్త బయటికి గీయండి.

ఇప్పుడు ఆ గీత లోపల ఏమేం ఉన్నాయో నడిచి చూడండి. టోపోషీటు చూసి కాదు, కాళ్లతో నడిచి. చెరువు కట్ట, వాగు, బోర్లు, హైటెన్షన్ స్తంభాలు, మిషన్ భగీరథ పైపు, గుడి, ఇళ్లు. రైలు పట్టాకు, పబ్లిక్ రోడ్డుకు, గని యజమానివి కాని కట్టడాలకు 45 మీటర్ల లోపు పని చేయాలంటే డీజీఎంఎస్ (గనుల భద్రతా డైరెక్టరేట్) అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. చెరువులు, వాగుల కింద పనికి ఇంకో నిబంధన, ఇంకో అనుమతి. ఇవి చూడకుండా ప్యానెల్ గీసి తర్వాత సర్దుకుందామంటే కుదరదు.

ఇళ్లకు ఇప్పుడే ఫొటోలు తీయండి. గోడల మీద పాత పగుళ్లు ఎన్ని ఉన్నాయో ఇంటి యజమాని ఎదుటే రాసి, ఆయన సంతకం తీసుకోండి. రేపు గొడవ వస్తే ఆయనకూ మీకూ ఆ కాగితమే దిక్కు.

రెండో మెట్టు: ఎంత దిగుతుందో ముందే లెక్క కట్టండి

పెద్ద సాఫ్ట్‌వేర్ తర్వాత. ముందు కాగితం మీద ఒక గుణింతం. తీసే బొగ్గు మందాన్ని ఒక గుణకంతో హెచ్చించాలి. గోఫ్‌ను (బొగ్గు తీసేసిన ఖాళీని) కూలనిస్తే మన దేశంలో 0.6 ప్రాంతంలో, ఇసుక స్టోయింగ్ చేస్తే (ఇసుకతో నింపితే) 0.05 ప్రాంతంలో పెట్టుకుంటారు. 3 మీటర్ల బొగ్గు తీస్తే కూలనిచ్చిన చోట 1.8 మీటర్లు, స్టోయింగ్ చేసిన చోట 15 సెంటీమీటర్లు. ప్యానెల్ లోతుతో పోలిస్తే బాగా ఇరుకైతే ఇంత దిగదు. మధ్యలో ఇసుకరాయి వంతెనలా నిలబడుతుంది.

ఎంత దిగిందన్నది ఒక్కటే చూసి భయపడకండి. మొత్తం ఊరు ఒకే తీరున మీటరు దిగితే ఒక్క గోడా పగలదు. పగలగొట్టేది తేడా. ఈ మూలకూ ఆ మూలకూ మధ్య వాలు మారడం, నేల సాగడం, నొక్కుకుపోవడం. సాగుడు ప్యానెల్ అంచు మీద, దాని బయట ఎక్కువ. నొక్కుడు లోపలివైపు. కాబట్టి ప్యానెల్ నడుమ ఉన్న ఇంటికన్నా అంచు మీద ఉన్న ఇంటికే ముప్పు.

ఇళ్లకు, రైలు పట్టాకు మీటరుకు 3 మిల్లీమీటర్ల సాగుడును హద్దుగా పెట్టుకోవడం మామూలు. 20 మీటర్ల పొడవు ఇంటికి అది 6 సెంటీమీటర్లు. బ్రిటిష్ వాళ్ల పాత వర్గీకరణలో ఇల్లు 3 నుంచి 6 సెంటీమీటర్లు సాగితే కొద్దిపాటి నష్టం, 6 నుంచి 12 అయితే చెప్పుకోదగ్గ నష్టం, 18 దాటితే ఇక ఆ ఇంటి మీద ఆశ వదులుకోవాలి. అంటే పొడుగ్గా కట్టిన స్కూలు బిల్డింగు పక్కనున్న రెండు గదుల ఇంటికన్నా ముందు దెబ్బతింటుంది.

మూడో మెట్టు: అదుపు కిందే ఉంది, పైన కాదు

మీరు పైన ఎన్ని పెగ్గులు పాతినా నేల ఆగదు. ఆపగలిగేది కింద ఎంత బొగ్గు వదులుతున్నారు, ఖాళీలో ఏం నింపుతున్నారు అన్నవే. దారులు నాలుగు.

ఒకటి, డెవలప్‌మెంట్‌తోనే (గ్యాలరీలు, అంటే దారులు తవ్వి పిల్లర్లను వదిలేయడంతోనే) ఆపేయడం. నిబంధనల పట్టిక ప్రకారం 60 మీటర్ల లోపు లోతులో 3 మీటర్ల గ్యాలరీకి పిల్లర్ల మధ్య దూరం, సెంటర్ నుంచి సెంటర్‌కు, కనీసం 12 మీటర్లు. 360 దాటిన లోతులో 4.8 మీటర్ల గ్యాలరీకి 48 మీటర్లు. మొదటిదాంట్లో 44 శాతం దాకా బొగ్గు వస్తుంది, రెండోదాంట్లో 19 శాతమే. మిగతాది పైన ఊరిని మోస్తూ ఉంటుంది.

రెండు, పిల్లర్లను చీల్చి స్టూక్‌లు (చిన్న పిల్లర్ ముక్కలు) వదలడం. ఇక్కడ కాసేపు ఆగుదాం. "సగం తీసి సగం వదిలాం, పైన ఏం కాదు" అనే మాట ఇక్కడే వినిపిస్తుంది.

ధన్‌బాద్ సీఐఎంఎఫ్ఆర్ (గనుల పరిశోధన సంస్థ) సూత్రంతో ఒక లెక్క వేద్దాం. లోతు 100 మీటర్లు, పిల్లర్లు 25 మీటర్ల సెంటర్లు, గ్యాలరీ 4 మీటర్లు. అంటే పిల్లర్ 21 మీటర్ల చదరం. ఎత్తు 3 మీటర్లు, బొగ్గు బలం 30 మెగాపాస్కల్ అనుకోండి. పిల్లర్ బలం దాదాపు 13.9 మెగాపాస్కల్. మీటరు లోతుకు 0.025 చొప్పున చూస్తే దాని మీద పడే బరువు 3.5. సేఫ్టీ ఫ్యాక్టర్ (బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చేది) 3.9. బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు ఆ పిల్లర్‌ను రెండు వైపులా 5 మీటర్ల స్ప్లిట్‌తో చీల్చండి. 8 మీటర్ల స్టూక్‌లు నాలుగు మిగులుతాయి. ఒక్కోదాని బలం 7.8కి పడిపోతుంది, బరువు 6.1కి పెరుగుతుంది. ఫ్యాక్టర్ 1.28. మనుషులు పని చేసుకుని బయటికి వచ్చేదాకా నిలబడుతుంది. పైన ఊరు ఉంటే చాలదు. ఏళ్ల తరబడి నిలవాలంటే 2కు తగ్గకూడదని పెట్టుకుంటారు. బొగ్గు అంచులు రాలతాయి, నీళ్లు నిండుతాయి, ఏడాదికేడాది స్టూక్ సన్నబడుతుంది. ఒకటి పోతే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. 1960 జనవరిలో దక్షిణాఫ్రికా కోల్‌బ్రూక్‌లో అలా వరసగా పిల్లర్లు కూలి 400 మందికి పైగా లోపలే ఉండిపోయారు. పిల్లర్ బలానికి లెక్క కట్టే సూత్రాల మీద ప్రపంచం గట్టిగా దృష్టి పెట్టింది ఆ తర్వాతే.

మూడు, స్టోయింగ్. ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో గోఫ్‌లోకి పంపి, బారికేడ్ కట్టి నింపడం. గోదావరి పక్కన ఉన్నాం కాబట్టి మన గనులకు ఇది ఎప్పటినుంచో అలవాటు. ఇప్పుడు నది ఇసుక మునుపటంత సులభం కాదు. ఓపెన్‌కాస్ట్ గనుల ఓబీని (బొగ్గు మీద నుంచి తీసేసిన మట్టిని, రాయిని) నలగ్గొట్టి, జల్లించి వాడుతున్నారు. పవర్ ప్లాంట్ల బాటమ్ యాష్ మీద కూడా ప్రయోగాలు జరిగాయి. ఏది వాడినా మన్ను తక్కువ ఉండాలి. మన్ను ఎక్కువైతే నీళ్లు దిగవు, నింపినది బురదలా ఉండిపోతుంది, బారికేడ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. స్టోయింగ్‌లో అసలు తంటా రైజ్ (సీమ్ ఎక్కే) వైపు పైమూల. ఇసుక కప్పును తాకకుండా అడుగో, అడుగున్నరో ఖాళీ మిగిలిపోతుంది. రిజిస్టర్‌లో "పూర్తిగా నింపాం" అని ఉంటుంది. మీ పని సంతకం కాదు. వెళ్లి చూడండి. పంపిన ఇసుక ఘనపు మీటర్లను, తీసిన బొగ్గు ఘనపు మీటర్లను పక్కపక్కన రాయండి. ఆ రెండిటి తేడాయే రేపు పైన కనిపించబోయే గుంట.

నాలుగు, ప్యానెళ్లను ఇరుగ్గా చేసి మధ్యలో మందమైన బ్యారియర్లు (తీయని బొగ్గు గోడలు) వదలడం. లాంగ్‌వాల్‌లో (పొడవాటి ముఖాన్ని యంత్రంతో ఒకే వరసలో కోసే పద్ధతిలో) దీనికి వీలు తక్కువ. అడ్రియాల గనిలో ముఖం (బొగ్గు కోసే చోటు) వెడల్పే 250 మీటర్లు. అలాంటి చోట కుంగుబాటును ఆపలేరు. కుంగుతుందని ఒప్పుకుని, పైన ఏం ఉండకూడదో ముందే తేల్చుకోవాలి.

నాలుగో మెట్టు: పెగ్గులు, బెంచ్‌మార్కులు

రెండు గీతలు చాలు. ఒకటి ప్యానెల్ పొడవునా, ఇంకోటి అడ్డంగా, నడుమ ఖండించుకుంటూ. రెండూ మొదటి మెట్టులో గీసిన గీతను దాటి బయటికి పోవాలి. పెగ్గుల మధ్య దూరం లోతులో ఇరవయ్యో వంతు. 200 మీటర్ల లోతుకు 10 మీటర్లు. ఊరి వైపు, రోడ్డు వైపు ఇంకో చిన్న గీత కలపండి.

పెగ్గు అంటే చెక్క మేకు కాదు. గొయ్యి తీసి, నడుమ స్టీల్ రాడ్ నిలబెట్టి కాంక్రీటు పోయండి. రాడ్ తల గుండ్రంగా ఉండాలి, దాని మీద సన్నటి చుక్క. గొయ్యి లోతు విషయంలో మొహమాటం వద్దు. పత్తి చేలన్నీ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. రేగడి దాటి మొరం తగిలేదాకా తవ్వండి. పై భాగానికి పాత పైపు ముక్క తొడిగితే రేగడి ఉబ్బినా పెగ్గును పట్టుకుని లేపదు.

ఇందులో నాదో తప్పు ఉంది. మొదటి రోజుల్లో ఒక గనిలో బెంచ్‌మార్కును (ఎత్తులన్నిటికీ ఆధారమైన, కదలకూడని గుర్తును) దూరంగానే పెట్టాను, కానీ రేగట్లో పెట్టాను. తొలకరి పడ్డాక రీడింగ్ తీస్తే ప్యానెల్ మీద ఉన్నవీ లేనివీ అన్ని పెగ్గులూ ఒకే లెక్కన దిగినట్టు వచ్చాయి. రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర లేదు. దిగింది పెగ్గులు కాదు, లేచింది నా బెంచ్‌మార్కు. అప్పటి నుంచి ఒక్క బెంచ్‌మార్కును నమ్మడం మానేశాను. కనీసం రెండు, వేర్వేరు దిక్కుల్లో, వీలైతే బయటపడ్డ బండ మీద. ప్రతిసారీ మొదటిదాని నుంచి మొదలుపెట్టి రెండోదాని మీద ముగించాలి.

ఐదో మెట్టు: జీరో రీడింగ్

కాంక్రీటు ఆరి, పెగ్గు నేలలో కుదురుకోవడానికి కనీసం నెల ఇవ్వండి. ఒక వాన తగిలితే ఇంకా మంచిది. ఆ తర్వాత జీరో రీడింగ్ (పనికి ముందు తీసే మొదటి కొలత) రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో తీయండి. రెండూ కలవకపోతే మూడోసారి తీయండి. డిపిల్లరింగ్ మొదటి స్లైస్ పడే ముందు ఇది పూర్తయి, మేనేజర్ సంతకంతో ఫైల్లో ఉండాలి. లెవెలింగ్ ముగింపు తేడాకు నేను పెట్టుకున్న హద్దు, కిలోమీటర్ల వర్గమూలాన్ని 4తో హెచ్చిస్తే వచ్చే మిల్లీమీటర్లు. దాటితే ఆ రోజు రీడింగ్ కొట్టేసి మళ్లీ తీయడమే.

ఎత్తుకు ఆటో లెవెల్ లేదా డిజిటల్ లెవెల్ వాడండి. టోటల్ స్టేషన్ చేతిలో ఉందని దాంతోనే ఎత్తులు తీసేయకండి. పక్కపక్క పెగ్గుల మధ్య దూరానికి నేను ఇప్పటికీ స్టీల్ టేపునే నమ్ముతాను, స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో ఒకే లాగుడుతో. టోటల్ స్టేషన్ 10 మీటర్లకు 2 మిల్లీమీటర్లు తప్పినా మీటరుకు 0.2 మిల్లీమీటరు సాగుడు ఊరికే పుట్టుకొస్తుంది. టేపుకూ ఒక రోగం ఉంది. జనవరి పొద్దున 20 డిగ్రీల్లో జీరో తీసి, మే నెల రామగుండం ఎండలో 45 డిగ్రీల్లో రీడింగ్ తీస్తే టేపు 10 మీటర్లకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇళ్లకు పెట్టుకున్న హద్దులో పదో వంతు అక్కడే పోయింది. టేపు ఉష్ణోగ్రత రాసుకుని సవరించండి, లేదా పొద్దున్నే వెళ్లండి. పొద్దున్నే వెళ్లడం మేలు, లెవెల్‌కు కూడా గాలి మెరమెర ఉండదు.

ఆరో మెట్టు: పని నడుస్తున్నప్పుడు

ఇదిగో మొదటి ప్రశ్నకు జవాబు. ముఖం పెగ్గుల గీత దగ్గరికి వస్తున్నప్పుడు, దాటుతున్నప్పుడు వారానికోసారి. దాటి దూరమయ్యాక పదిహేను రోజులకు, ఆ తర్వాత నెలకు. ఇళ్లకు దగ్గరైతే రెండు మూడు రోజులకోసారి తీసినా ఎక్కువ కాదు. క్యాలెండర్‌కన్నా ముఖం ఎంత జరిగిందో చూసి నిర్ణయించండి.

రీడింగ్ పక్కన ఆ రోజు లైన్ ఆఫ్ ఎక్స్‌ట్రాక్షన్ (బొగ్గు ఎక్కడిదాకా తీశారన్న గీత) ఎక్కడుందో, గోఫ్‌లో ఎంత వైశాల్యం కూలకుండా వేలాడుతోందో తప్పక రాయండి. ఇది లేని రీడింగ్ తారీఖు లేని ఉత్తరం లాంటిది. మన ఇసుకరాయి కప్పు మొండిది. చాలాదూరం తీసినా కూలదు. పైన పెగ్గులు కదలవు, అందరూ సంతోషంగా ఉంటారు. నేను అప్పుడే ఎక్కువ జాగ్రత్తపడతాను. వేలాడే కప్పు ఒక్కసారిగా పడితే కింద ఎయిర్ బ్లాస్ట్ (గాలి పేలుడులా తోసుకురావడం), పైన ఒక్క రాత్రిలో నెర్రలు. ఇండ్యూస్డ్ బ్లాస్టింగ్‌తో (కావాలనే మందు పేల్చి) గోఫ్‌ను ఎప్పటికప్పుడు కూల్చుకుంటూ పోతే పైన కూడా నెమ్మదిగా దిగుతుంది.

లెక్క ఇలా. ఏడో పెగ్గు 412 మిల్లీమీటర్లు, ఎనిమిదోది 338 దిగింది. తేడా 74, మధ్య దూరం 10 మీటర్లు. వాలు మీటరుకు 7.4 మిల్లీమీటర్లు. ఆ రెండిటి మధ్య దూరం 10.000 నుంచి 10.024 మీటర్లకు పెరిగింది. సాగుడు మీటరుకు 2.4 మిల్లీమీటర్లు. హద్దు 3 కాబట్టి ఈ వారమే మేనేజర్‌కు చెప్పాలి. వచ్చే వారం 3 దాటాక చెబితే పని ఆపే వ్యవధి ఉండదు. సాగుడు 1.5కు ఒక హెచ్చరిక గంట, 2.5కు ఇంకో గంట అని ముందే రాసుకుని, ఏ గంట మోగితే ఎవరు ఏం చేయాలో జీరో రీడింగ్ నాడే ఒప్పుకుని పెట్టుకోండి.

ఉపగ్రహాల గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. రాడార్ ఉపగ్రహాలు ప్యానెల్ మొత్తాన్ని ఒకే బొమ్మలో చూపిస్తాయి. సెంటినెల్-1 లాంటి సీ బ్యాండ్ రాడార్‌కు అలపొడవు 5.6 సెంటీమీటర్లు. పత్తి ఏపుగా పెరిగితే, లేదా నేల ఒక్కసారిగా బాగా దిగితే దానికి లెక్క తప్పుతుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్‌లో ఎల్ బ్యాండ్ ఉంది. దాని అలపొడవు 24 సెంటీమీటర్లు, చెట్టూ చేమా దాన్ని అంతగా ఇబ్బంది పెట్టవు. అదే చోటును 12 రోజులకోసారి చూస్తుంది. మీ గీతలు పడని మూలల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి వాడండి. మీ పెగ్గులకు బదులుగా కాదు.

ఏడో మెట్టు: నెర్రలు, బుంగలు

ప్రతి రీడింగ్‌తో పాటు అంచు వెంట నడవండి. నెర్ర కనబడితే పొడవు, వెడల్పు కొలిచి, ప్లాన్ మీద గీసి, రెండు వైపులా మేకులు కొట్టి రండి. మళ్లీ వచ్చినప్పుడు మేకుల మధ్య దూరం చెబుతుంది అది ఇంకా తెరుచుకుంటోందో లేదో.

నెర్రను వదిలేస్తే రెండు ప్రమాదాలు. ఒకటి నీళ్లు. వాగు నీళ్లు, వాన నీళ్లు నేరుగా గోఫ్‌లోకి దిగుతాయి. రెండోది గాలి. గోఫ్‌లో మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో నూరేళ్లకు పైగా నిప్పు ఎందుకు ఆరలేదో అడిగితే, నెర్రల గుండా గాలి ఆడుతూనే ఉండటం ఒక ముఖ్య కారణం. అంచేత చుట్టూ కాలువ తీసి వాన నీళ్లను పక్కకు మళ్లించండి. నెర్రను పైపైన మట్టితో కప్పేయకుండా వెడల్పుగా తవ్వి, బంకమట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి, పైన కాస్త గుబ్బగా వదలండి. ఈ పనంతా మిరుగు రాకముందే కావాలి. వాన పడ్డాక ఒకసారి మట్టి కూర్చుంటుంది, మళ్లీ వెళ్లి నింపాలి. చలికాలం పొద్దున నెర్ర నుంచి ఆవిరి వస్తుంటే మీరు నింపకండి, ముందు వెంటిలేషన్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి.

బుంగలు వేరే జాతి. తక్కువ లోతులో ఉన్న పాత గ్యాలరీల మీద, జంక్షన్ల మీద, ఏ సూచనా ఇవ్వకుండా నేల నిలువునా దిగిపోతుంది. విరిగిన రాయి మూడో వంతు ఉబ్బుతుందనుకుంటే 3 మీటర్ల ఎత్తు గ్యాలరీ పైన 9 మీటర్ల కప్పు కూలాక ఖాళీ నిండి ఆగిపోవాలి. కానీ జంక్షన్‌లో రాళ్లు నాలుగు వైపులా దొర్లుతాయి, నీళ్లు వాటిని డిప్‌కు కొట్టుకుపోతాయి, కూలడం ఇంకా పైకి ఎక్కుతుంది. పెగ్గులు దీన్ని పట్టుకోలేవు. 30 మీటర్ల లోపు పాత పని ఉన్న చోట బోర్ వేసి, ఖాళీ తగిలితే పై నుంచే ఇసుకో బూడిదో నింపడం ఒక్కటే దారి. అప్పటిదాకా కంచె వేయండి. వానాకాలంలో అక్కడికి ఒంటరిగా పోవద్దు, మీ చైన్‌మన్‌ను (టేపు పట్టే సహాయకుణ్ని) కూడా పంపవద్దు.

చివరి మెట్టు: ఎప్పుడు ముగించాలి

ప్యానెల్ సీల్ చేసిన రోజు కాదు. కూలనిచ్చిన ప్యానెల్‌లో దిగాల్సినదాంట్లో ఎక్కువ భాగం కొన్ని నెలల్లో దిగుతుంది, మిగిలినది నెమ్మదిగా నడుస్తుంది. మూడు నెలవారీ రీడింగులు వరసగా మీ లెవెల్ పొరపాటు హద్దు లోపలే ఉంటే, ఆ మూడింటి తర్వాత ఒక వానాకాలం గడిచి మళ్లీ అలాగే ఉంటే, అప్పుడు కుంగుబాటు ముగిసిందని రాయండి. స్టూక్‌లు వదిలిన ప్యానెల్ అయితే ఏడాదికోసారి చూస్తూనే ఉండాలి.

అసలు గుణకం ఎంత వచ్చిందో, డ్రా ఎన్ని డిగ్రీలు వచ్చిందో చివరి పేజీలో రాసి పెట్టండి. మొదటి, రెండో మెట్లలో 35, 0.6 అని అరువు తెచ్చుకున్న అంకెల చోట వచ్చే ప్యానెల్‌కు ఇవే వాడతారు. పెగ్గులను మాత్రం పీకనివ్వకండి. ట్రాక్టర్ తగలకుండా చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి, రైతుకు ఎందుకో చెప్పి రండి. మన దగ్గర ఒక సీమ్ కింద ఇంకో సీమ్ ఉంటుంది. కింది సీమ్ పని మొదలుపెట్టే సర్వేయర్‌కు జీరో రీడింగ్ తీయడానికి అవే కావాలి.